చందా లేని క్రిస్మసు అలంకరణము

క్రిస్మసు సమీపించుచున్నదనగా మన తరగతి గదులలో మొట్టమొదట వినబడునది కీర్తన కాదు, చందా మాట. డిసెంబరు మొదటి వారములోనే తరగతి నాయకుడొకడు నోటుపుస్తకము చేతబట్టుకొని బల్లల నడుమ తిరుగనారంభించును. తలకింత యని నిర్ణయమగును. ఇచ్చినవారి పేరునకెదురుగా ఒక గీత పడును; ఇయ్యనివారి పేరునకెదురుగా సున్న చుట్టబడును. ఆ డబ్బుతో బజారునుండి తళుకు తోరణములు, ప్లాస్టిక్ గోళములు, మెఱయు అక్షరములు, రంగుబుడగలు వచ్చును. అవి నాలుగు దినములు గోడలపై వ్రేలాడి, సెలవులకు బడి మూయు సాయంకాలమున చీపురు క్రిందికి వచ్చి, ప్రహరీగోడ ప్రక్కనున్న చెత్తకుండీలో చేరును. సున్నలు మాత్రము పుస్తకములో నిలిచియుండును.

ఈ పద్ధతిని మానుకొనవలెననియు, వచ్చు క్రిస్మసునకు మన పాఠశాల యలంకరణమంతయు ఇండ్లలోను బడిలోను వాడుక తీఱి పడియున్న వస్తువులతోనే జరుగవలెననియు నా యభిప్రాయము. తలిదండ్రులకు ఖర్చు తగ్గునన్నది నిజమే. కాని అంతమాత్రమునకే నేనీ వ్యాసము వ్రాయబూనలేదు. నన్ను బాధించునది ఆ సున్న. ఎందువలననో చెప్పుటకు నా తప్పునొకదానిని ముందుగా చెప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను వేఱొక ఊరి పాఠశాలలో ఎనిమిదవ తరగతికి తరగతి యుపాధ్యాయుడనుగా నుంటిని. పిల్లలు 42 మంది. తలకు 50 రూపాయల చొప్పున చందా నిర్ణయించినది నేనే. 2,100 రూపాయలు పోగగునని లెక్కవేసి, పక్క తరగతికంటె మనది మిన్నగా నుండవలెనని పిల్లలను హెచ్చరించినదియు నేనే. అటుపిమ్మట ఒక బాలుడు నాలుగు దినములు బడికి రాలేదు. జ్వరము కాబోలుననుకొంటిని. అయిదవ దినమున వాని యింటికి పోతిని. వాని తండ్రి తోపుడుబండితో వీధివీధియు తిరిగి పాత కాగితములు, ఇనుము, సీసాలు కొనువాడు. బాలుడు గుమ్మములో కూర్చుండి పాత పుస్తకముల అట్టలను వేఱుచేయుచుండెను. జ్వరము లేదు, జలుబును లేదు. “ఏమిరా, బడికి రావేమి?” యని యడిగిన వాడు పలుకలేదు. లోపలనుండి తల్లి వచ్చి, “యాభై రూపాయలు ఆదివారం ఇస్తామన్నాం మాస్టారూ. అవి చేతిలో పడేదాకా రానని కూర్చున్నాడు” అనెను.

నేనేమి చెప్పుదును? చందా అక్కఱలేదని చెప్పి, మఱునాడు తప్పక రమ్మని లేచితిని. లేచునప్పుడు ముంగిట పడియున్న కుప్పను చూచితిని. దళసరి యట్టపై బంగారు రంగు అచ్చుతో శుభలేఖలు, ఒక ప్రక్క తెల్లగానున్న కేలండరు కాగితములు, మిఠాయి దుకాణపు ఎఱ్ఱని పెట్టెలు, చెమ్కీ కాగితపు తునకలు. నేను రెండు వేల రూపాయలకు కొనబోవు సరకుకంటె మేలైనది అక్కడ తూకమునకు పడియున్నది. నా కీ యాలోచన తట్టినది ఆ ముంగిటనే.

కాని తట్టిన యాలోచనను నడిపిన తీరు మఱొక తప్పు. మఱునాడు బాలుడు బడికి రాగానే అందఱియెదుటను, “ఇకమీదట చందా లేదు. మనకు కావలసిన కాగితమంతయు వీని తండ్రిగారి బండిలో నున్నది” అని సంతోషముగా పలికితిని. మెచ్చుకొనుచున్నాననియే నా తలంపు. వాడు తల వంచుకొని బల్లవంక చూచుచుండెను. తండ్రి వృత్తిని వాడు అంతవఱకు తోటివారికి చెప్పుకొనలేదని నాకు తరువాత తెలిసినది. ఆ సాయంకాలము తండ్రి ఆఱు కిలోల శుభలేఖలను మూటగట్టి తెచ్చియిచ్చెను. నేను నమస్కరించి తీసికొంటిని. డబ్బు మాట తలపెట్టనైనను లేదు. తోటి యుపాధ్యాయిని యొకామె, “అవి మనకు చెత్త, ఆయనకు సరకు గదా” యని యనువఱకు నాకు తోచలేదు. ఆయన ఆ కాగితమును ఇంటింటను డబ్బిచ్చి కొన్నవాడు, డబ్బుకే అమ్ముకొనవలసినవాడు. యాభై రూపాయలు వెంటనే ఇయ్యలేని యింటినుండి నేను అంతకెక్కువ వెలగల సరకును ఊరకయే తెచ్చుకొంటిని. సెలవుల తరువాత తూకము లెక్కకట్టి యిచ్చితిని. ఆయన మొగమాటపడుచు పుచ్చుకొనెను.

ఆ బాలుడు రెండు మూడు దినములు ముభావముగానే యుండెను. పిమ్మట ఒక మధ్యాహ్నము పిల్లలు అట్టలను వంకరటింకరగా మడచుచుండగా చూచి యోర్వలేక, “ఆ వైపు మడిస్తే విరుగుతుంది, ఈ వైపు మడువు” అని లేచి చూపెను. కాగితమునకు నూలుబట్టకువలెనే ఒక వరుస కలదు. ఆ వరుస వెంబడి మడచిన మడత కత్తివలె దిగును, అడ్డముగా మడచిన పగులును. ఈ సంగతి నాకు తెలియదు, వానికి తెలియును. అప్పటినుండి పిల్లలు వాని బల్లచుట్టును చేరిరి. అంతమాత్రమున నా తప్పు తీఱినదని చెప్పను. ఆ రెండు పాఠములు మాత్రము మఱవలేదు: పాత వస్తువులను ఒకరినిగాక అన్ని యిండ్లను అడుగవలెను, పాత సామానులవానియొద్ద తెచ్చినచో వెల చెల్లింపవలెను.

ఇక నేను చెప్పు పద్ధతికి వినవచ్చు ఆక్షేపణ యొకటి. “మన పిల్లల పుట్టినరోజుకే క్రొత్తబట్టలు తొడుగుదుమే, ప్రభువు పుట్టినదినమునకు చిత్తుకాగితములా?” యని ఒక తల్లి నన్నడిగినది. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, భక్తియే యున్నది. కాబట్టి దానికి తగిన యుత్తరము చెప్పవలెను. లూకా సువార్త ప్రకారము సత్రములో స్థలము లేకపోగా శిశువును పరుండబెట్టినది పశువుల తొట్టిలో. ఆ తొట్టి ఆ రాత్రి కొఱకు చేయించినది కాదు; పసులు మేయుచుండిన తొట్టియే. 1223వ సంవత్సరమున ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు జన్మదృశ్యమును జనులకు కన్నులార చూపదలచినప్పుడు కావలసినవి ఎండుగడ్డి, ఒక తొట్టి, ఒక యెద్దు, ఒక గాడిద. ఊరిలో దొరకినవే. ఆ దృశ్యము జరిగి 2023 నాటికి 800 ఏండ్లు నిండినవి.

ఐనను ఆ తల్లి మాటలో నే నొప్పుకొనవలసిన భాగము కలదు. నూనెమరకల కాగితమును వంకరగా కత్తిరించి గోడకంటించి, ఇది నిరాడంబరతయని చెప్పుకొనుట సోమరితనమే గాని వేఱు కాదు. పాత వస్తువు తుడువబడవలెను, అంచులు సరిచేయబడవలెను, కొలతకు కత్తిరింపబడవలెను. క్రొత్త వస్తువునకు డబ్బు చాలును. పాతదానికి చేతులును కాలమును కావలెను. ఈ రెండును అందఱు పిల్లలయొద్దను ఉన్నవి. వెనుక బల్లమీద కూర్చుండువానియొద్ద ఒక్కొక్కప్పుడు ఎక్కువగానే యుండును.

బజారులో దొరకునవే అసలైన క్రిస్మసు వస్తువులనియు, మనము చేయునవి వానికి బదులు మాత్రమేననియు పిల్లలు తలంచుచుందురు. చరిత్ర చూచినచో సంగతి తలక్రిందులుగా నున్నది. పూర్వము జర్మను ఇండ్లలో చెట్టుకు వ్రేలాడగట్టినవి ఆపిలు పండ్లు, అక్రోటుకాయలు, తీపి యప్పములు. 19వ శతాబ్దమున లౌషా యను కొండగ్రామములోని గాజు ఊదువారు గాజు పండ్లను, గోళములను చేయసాగిరి. పండ్లు కొనలేని బీద పనివాడొకడు గాజుతో వానిని ఊది తన చెట్టుకు కట్టెనని అక్కడ ఒక కథయు చెప్పుకొందురు. 1880 ప్రాంతమునుండి వుల్వర్తు అను అమెరికా వర్తకుడు వానిని తెప్పించి తన దుకాణములలో అమ్మనారంభించెను. అనగా ఆపిలునకు బదులు గాజు గోళము, గాజు గోళమునకు బదులు నేటి ప్లాస్టిక్ గోళము. బదులుకు బదులైనదానిని అసలుదనుకొని మన పిల్లలు చందా వేసికొనుచున్నారు.

ఇంతకంటె మనకు దగ్గఱి కథ జర్మనీలోనే నీస్కీ పట్టణమునందలి మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాలది. 1830 తరువాత కొలది యేండ్లలో అక్కడి గణితోపాధ్యాయుడు క్షేత్రగణితము బోధించుటకు పిల్లలచే అట్టతో శిఖరములను చేయించి, వానినన్నిటిని ఒకటిగా కూర్పించెనట. అదియే నేడు లోకమంతట మొరేవియను నక్షత్రమని పేరొందినది. నలుచదరపు పీఠముగల శిఖరములు 17, ముక్కోణపు పీఠముగలవి 8, వెరసి 25. ఇరువదియాఱవ చోటు దీపమును వ్రేలాడగట్టుటకు. దానిని వ్యాపారముగా చేసి యమ్ముట ఆ శతాబ్దము చివరనుగాని మొదలు కాలేదు. కాబట్టి ఆ నక్షత్రము అంగటినుండి బడికి వచ్చినది కాదు, బడినుండి అంగటికి పోయినది. మన పదవ తరగతి పిల్లలు ఘనాకృతుల వైశాల్యములను గుర్తుపెట్టుకొనలేక చీవాట్లు తినుచుందురు; వారిచే ఈ నక్షత్రము నొకదానిని చేయించినచో ఎట్లుండునో మా గణితోపాధ్యాయులు ఆలోచింతురు గాక.

అంత కష్టమక్కఱలేదనువారికి మన వెదురు నక్షత్రమే యున్నది. దానిని చేయుట మన పెద్దలలో పెక్కుమంది యెఱుగుదురు గాని, దుకాణపు మడత నక్షత్రము వచ్చిన పిమ్మట పిల్లలకు చూపువారు తగ్గిరి. కనుక కొంచెము విపులముగా వ్రాయుచున్నాను. సరిసమానమైన పొడవుగల సన్నని వెదురు బద్దలు 10 కావలెను. అయిదింటిని ఒకదానిపై నొకటి దాటించి కొసలయొద్ద దారముతో కట్టిన అయిదు మొనల చుక్క యేర్పడును. అట్టివి రెండు చేసి, ఒకదానిపై నొకటి యుంచి, అయిదు మొనలను జతజతగా బిగింపవలెను. తరువాత లోపలి బద్దలు దాటుకొను అయిదు తావులలో రెండు చుక్కలకు నడుమ జానెడుకు తక్కువగా పుల్లలను నిలబెట్టిన నక్షత్రము బొజ్జవలె ఉబ్బి నిలుచును. ఈ పుల్లలు పొడవైనచో బద్దలు విరుగును, పొట్టివైనచో నక్షత్రము అప్పడమువలె నుండును. రెండు మూడు మాఱులు చూచుకొనవలసినదే. పైన గాలిపటపు కాగితముగాని, మైనపు పూతలేని ఏ పలుచని కాగితముగాని అంటింపవచ్చును. మేదరివారు బుట్టలల్లగా మిగిలిన బద్దలు స్వల్పవెలకు దొరకును. చినిగిన వెదురు తెర యొకటి యున్నచో నాలుగు నక్షత్రములకు సరిపోవును. ఫిలిప్పీను దీవులలోను వెదురుబద్దలతో కాగితముతో ఇట్టి నక్షత్రమునే చేసి, లాంతరను అర్థముగల స్పానిషు మాటనుండి వచ్చిన ‘పరోల్’ అను పేరుతో ఇంటింట వ్రేలాడగట్టుదురు.

జిగురునకు మైదాపిండి గంజియే చాలును. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండ దానిలో ఇంచుక మైలుతుత్తము కలుపుదురు. నక్షత్రమును దాచుకొనవలెనన్నచో మనమును కలుపవచ్చును గాని, అది విషము; ఉపాధ్యాయులే కలుపవలెను, చిన్న తరగతుల పిల్లలచేతికి ఆ గంజి ఇయ్యరాదు. లోపల దీపమునకు వేడి తక్కువగా నుండు చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టవలెను. క్రొవ్వొత్తిని కాగితపు నక్షత్రములో పెట్టుట అందమే గాని, ఒకసారి గాలి విసరిన చాలును.

ఇక శుభలేఖల సంగతి. తెలుగు ఇండ్లలో పెండ్లి శుభలేఖను పాఱవేయుటకు ఎవరికిని చేయి రాదు; బీరువామీదనో, పరుపు క్రిందనో, పాత పంచాంగముల నడుమనో పడియుండును. గట్టి యట్ట, నిలుకడగల రంగు, బంగారు పూత. ఇంతకంటె మంచి సరకు ఏ దుకాణములోను లేదు. దీనితో చేయదగిన గోళ మొకటి కలదు. గ్లాసు అడుగును ఉంచి గీచి 20 వృత్తములు కత్తిరింపుడు. వృత్తలేఖినిని వ్యాసార్ధమంత తెఱచి పరిధిపై ఆఱు గుర్తులు పెట్టి, ఒకటి విడిచి ఒకటి కలిపిన సమబాహు త్రిభుజము వచ్చును. ఆ త్రిభుజపు భుజముల వెంబడి అంచులను పైకి మడచి, అంచునకంచు అంటింపవలెను. అయిదు పైకప్పునకు, అయిదు అడుగునకు, పది నడుమ పట్టీకి. ఇరువది ముఖములు గల గోళ మేర్పడును. ఇది విఱుగదు, పగులదు, ఏడాది తరువాతను పనికివచ్చును.

ఇందులో ఒక జాగ్రత్త. హిందూ సోదరుల శుభలేఖలపై తఱచుగా వినాయకుడు, వేంకటేశ్వరస్వామి మొదలగువారి చిత్తరువులుండును. వానిని కత్తెరతో కత్తిరించుట మర్యాద కాదు. మన పిల్లలలో సగమునకు పైగా ఆ యిండ్లనుండియే వచ్చుచున్నారు. చిత్తరువుగల పత్రమును విడదీసి భద్రముగా ఇచ్చినవారికే మరలింపవలెను. లోపలి పత్రములును కవరులును మనకు చాలును. వధూవరుల పేర్లున్న ప్రక్కను లోనికి మడచుటయు మంచిది. ఎవరి పెండ్లి శుభలేఖనో పట్టుకొని పిల్లలు పేర్లు చదివి నవ్వుకొనుట నేను చూచితిని.

క్రిస్మసు మనకు వరికోతల కాలమున వచ్చుట అదృష్టము. క్రొత్త వరిగడ్డి అప్పుడే కళ్లమునుండి వచ్చియుండును. దానిని కొంతసేపు నీట నానబెట్టి, గోటితో చీల్చి, ఇస్త్రీపెట్టెతో అణచినచో జరీవలె మెఱయును. ఉత్తర ఐరోపా దేశములలో గడ్డి నక్షత్రములు చేయుట చిరకాలపు అలవాటు. మనయొద్ద అంతకంటె ఎక్కువ గడ్డి యుండియు మనము చేయము. పశువుల పాకకు కొబ్బరి మట్టల అల్లిక, తాటాకు కప్పు. పూలకు బంతియు చేమంతియు ఆ మాసమున సమృద్ధి. పగిలినవిగాక వాడుక లేనివైన గాజులను దారమున గ్రుచ్చి కిటికీలో కట్టిన ఉదయపు టెండ లోనికి రంగులతో వచ్చును. పాత పట్టుచీర అంచులు బల్లల చుట్టును కట్టుటకు బహు బాగుండును. కాని నిజమైన వెండి జరీ చీరలకు కొనువారు గుమ్మములోనే తిరుగుచున్నారు గనుక, అవి అమ్మలనడిగి మాటపడవద్దు.

అన్నిటికంటె చౌకయైనది నల్లబల్ల. విఱిగిన సుద్దముక్కలు ప్రతి తరగతి మేజాసొరుగులోను పిడికెడుండును. మా చిత్రలేఖనోపాధ్యాయులొకరు మునుపు వానితోనే బేత్లెహేము రాత్రిని నల్లబల్లపై వ్రాయుచుండెడివారు. నల్లని యాకాశమునకు బల్ల నలుపే. కొండలకు అరచేతితో రుద్దిన సుద్దపొడి. సెలవుల తరువాత దానిని తుడుచుటకు ఏ పిల్లవాడును ముందుకు రాలేదు. జనవరిలో రెండు వారములు ఆ బల్ల మూలనే గణితము వ్రాసికొంటిమి.

చెట్టు విషయమున ఒక మాట. మన తీరప్రాంతమున సరుగుడు కొమ్మయే క్రిస్మసు చెట్టు. ఆ కొమ్మ కొఱకు ఎదుగుచున్న మొక్క తల నఱకుట తగదు. తోటలవారు కోతకు ముందు ప్రక్కకొమ్మలు కొట్టివేయుదురు, వానిని అడిగి తెచ్చుకొనవచ్చును. పండుగైన పిమ్మట అది పొయ్యిలోనికి పోవును గనుక వ్యర్థము కాదు. ఇక ఆ చెట్టుపై దూది పఱచి మంచు కురిసినదనుట నాకెన్నడును అర్థము కాలేదు. సువార్తలలోని జన్మవృత్తాంతమున మంచు మాట లేదు, మన ఊరిలో మంచు లేదు. చెమటలు తుడుచుకొనుచు మనము దూది యంటింతుము. పైగా దూది నిప్పురవ్వకు వెంటనే అంటుకొను వస్తువు, దానిని దీపముల తీగెలపైననే పఱతుము. మానుకొనినచో దూదియు మిగులును, భయమును తప్పును.

థర్మోకోలును గూర్చి నా యభిప్రాయమక్కఱలేదు, ప్రభుత్వపు ఉత్తరువే యున్నది. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము 2022 జూలై 1వ తేదీనుండి అలంకరణకు వాడు థర్మోకోలు, ప్లాస్టిక్ జెండాలు, బుడగల ప్లాస్టిక్ పుల్లలు తయారుచేయుట, అమ్ముట, వాడుట నిషిద్ధము. ఐనను థర్మోకోలు పశువుల పాకను నేను ఆ తరువాతను ఒక వేడుకలో చూచితిని. పౌరశాస్త్రము బోధించు మనము గోడలపై దానినంటించిన పిల్లలకేమి చెప్పుదుము?

ఇంతవఱకు చదివినవారు, “పాతవానితో చేయు పోటీలు మన బడిలో ఉన్నవే గదా” యని యనవచ్చును. ఉన్నవి. ‘బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్’ అను ఆ పోటీలను నేను మూడు సంవత్సరములు తీర్పరినై చూచితిని. ఐస్‌క్రీము పుల్లలు దుకాణమునుండి కట్టలుగా కొని తేబడును. క్రొత్త కాగితపు గ్లాసులు పెట్టెలతో వచ్చును. మెఱపుపొడి, వేడి జిగురు తుపాకి, రంగురాళ్లు కొనబడును. రాత్రి పదకొండు గంటల వఱకు తల్లి అంటించును, తండ్రి పట్టుకొనును, పిల్లవాడు నిద్రించును. ఉదయమున దానిని ఆటోలో జాగ్రత్తగా తెచ్చి బల్లపై పెట్టి చెత్తనుండి చేసితినని చెప్పుదురు. నిజముగా ఇంటిలోని విఱిగిన చేటతో పశువుల పాక చేసికొని వచ్చిన పిల్లకు మేము ఆ యేడు బహుమానమియ్యలేదు. నేనును చేతులెత్తినవారిలో నుంటిని. బహుమానము పెట్టినంతకాలము డబ్బు మఱల ఏదో ద్వారమున లోనికి వచ్చుననియే నా నమ్మకము. కావున పోటీ వద్దు, తరగతికి తరగతికి స్పర్ధయు వద్దు. పని బడిలోనే, బడివేళలోనే, పిల్లల చేతులతోనే జరుగవలెను. దానికి చిత్రలేఖనము, చేతిపని గంటలు డిసెంబరులో మొదటి రెండు వారములు చాలును.

దారము, మైదా, కొంత గాలిపటపు కాగితము, బల్బులు కొనక తప్పదు. ఆ ఖర్చు పాఠశాల నిధినుండి పెట్టుటకు ప్రధానోపాధ్యాయులవారు సమ్మతింతురని నా యాశ. పాత సామానుల వర్తకులకు చెల్లింపవలసినదియు అందులోనే చేరవలెను. ఏ తరగతిలోను పిల్లలవద్ద ఒక్క రూపాయి వసూలుచేయరాదు. ఇష్టముతో ఇచ్చువారున్నను తీసికొనరాదు. ఇష్టముతో ఇచ్చుట మొదలైనచో మఱల నోటుపుస్తకము పుట్టును.

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇండ్లకు చిన్ననాడు నేనును పేరంటపు పిల్లల వెంటపోయి చూచుచుండెడివాడను. అక్కడ పై మెట్టుమీద కూర్చుండునది నిరుడు కొన్న బొమ్మ కాదు. చేయి విఱిగి లక్కతో అతికిన కొండపల్లి బొమ్మయో, రంగుపోయిన మట్టిబొమ్మయో పైన నుండును. ఇంటివారు దానినే చూపి, “ఇది మా అమ్మమ్మ పెట్టిన బొమ్మ” యని చెప్పుదురు. ఏటేట పెట్టెలోనుండి తీయుట, పొత్తిగుడ్డ విప్పుట, పండుగ ముగియగానే మఱల చుట్టి పెట్టుట, ఇవన్నియు పండుగలో భాగములే. మన క్రిస్మసుకు అట్టి పెట్టె లేదు. ప్రతి సంవత్సరము క్రొత్తగా కొని ప్రతి సంవత్సరము పాఱవేయుచున్నాము గనుక, ఇరువది యేండ్ల క్రిందట ఇక్కడ చదివి నేడు తన బిడ్డను చేర్పించుటకు వచ్చు తండ్రికి “నేను చేసిన నక్షత్ర మిది” యని చూపుటకు ఏమియు మిగిలియుండదు.

పెట్టె మాత్రము దొరకినది. ప్రయోగశాల వెనుకగదిలో పాత పటములుంచిన రేకుపెట్టె యొకటి ఖాళీగా నున్నది. తాళము లేదు, ఒక కీలు విఱిగినది, లోపల వేపాకు పఱచి సిద్ధము చేసితిమి. ప్రతి తరగతియు తాను చేసినవానిలో ఒకదానిని, అడుగున సంవత్సరము వ్రాసి, దానిలో పెట్టవలెను. పిల్లల పేర్లు వ్రాయనక్కఱలేదు; వారికి తెలిసియే యుండును.

ఈ సంచిక మీ చేతికందునప్పటికి ఈ యేటి క్రిస్మసు గడచిపోయియుండును. ముందు మాఘమాసము, వెనువెంట ఫాల్గుణము, పెండ్లిండ్ల కాలము. తలిదండ్రులు తమ యింటికి వచ్చు శుభలేఖలను దయచేసి ఒక సంచిలో వేయుచుండుడు. నవంబరు నెలాఖరులోపల ఏ దినమైనను పిల్లలచేత పంపవచ్చును. తడిసినవియు, చెదలుపట్టినవియు వద్దు. సంచిపై పేరు వ్రాయవద్దు.